టమ్మీ టక్ కోసం మెక్సికో వెళ్లనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. చిన్నవాడికి మూడేళ్లు నిండాయి. వాకింగ్, డైటింగ్ చేసి బరువు తగ్గాను గానీ పొట్ట మాత్రం ఐదో నెల లాగే కనిపిస్తుంది. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఎవరో ఒకరు "మళ్లీ విశేషమా?" అంటారు. ఇక్కడి సర్జన్ టమ్మీ టక్‌కి, అంటే పొట్ట బిగించే సర్జరీకి, 14 వేల డాలర్లు చెప్పారు. మెక్సికోలో మాంటెరీలో ఒక క్లినిక్ వాళ్లు హోటల్, కారుతో కలిపి 5,500కే చేస్తామంటున్నారు. లైపోసక్షన్ (కొవ్వు తీయడం), బీబీఎల్ (ఆ కొవ్వుని పిరుదుల్లోకి ఎక్కించడం) కూడా కలిపి చేయించుకుంటే ఇంకా డిస్కౌంట్ ఇస్తారట. మా ఆఫీసులో ఒకమ్మాయి వెళ్లి బాగానే వచ్చింది. మా వారేమో మెక్సికో కిడ్నాప్ వీడియోలు పంపుతున్నారు. విజయవాడలో అమ్మకి చెప్తే "ఆర్తీ అగర్వాల్ ఏమైందో మర్చిపోయావా?" అంది. ఇన్‌స్టా చూస్తే వెళ్లాలనిపిస్తుంది, న్యూస్ చూస్తే భయమేస్తుంది. ఫ్రెండ్స్‌తో మెక్సికోలోని కాంకూన్ బీచ్ ట్రిప్ అని చెప్పి చేయించుకుని వచ్చేద్దామా అని కూడా అనుకుంటున్నాను. హెచ్‌4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను, వీసా స్టాంపింగ్ గడువు నిరుడే అయిపోయింది. నాకు అందం పిచ్చి పట్టిందంటారా? – పేరు వద్దు

సమాధానం:

చివర అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. లేదమ్మా, మీకు ఏ పిచ్చీ పట్టలేదు. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట ముందు వైపున్న కండరాలు మధ్యలో విడిపోతాయి. కాన్పయ్యాక కొందరికి మళ్లీ దగ్గరికొస్తాయి, కొందరికి రావు. డయాస్టాసిస్ రెక్టై అంటారు దీన్ని. అలా విడిపోయి ఉండిపోతే బరువు ఎంత తగ్గినా పొట్ట ఎత్తుగానే ఉంటుంది, సాగిన చర్మం కూడా తిరిగి ముడుచుకోదు. నడుం నొప్పి కూడా రావచ్చు. మీరు తిండి అదుపు చేసుకోలేకపోవడం వల్ల వచ్చింది కాదిది. పదిమందిలో "మళ్లీ విశేషమా?" అనిపించుకుని ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడటం ఎంత కష్టంగా ఉంటుందో ఊహించగలను. ఆ బాధ తీర్చుకోవాలనుకోవడం తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను.

సర్జరీ చేయించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ ప్యాకేజీకి మాత్రం వెళ్లొద్దు. ఇంట్లో చెప్పకుండా అయితే ఎక్కడికీ వెళ్లొద్దు.

మీ వారు పంపుతున్న వీడియోల సంగతి చూద్దాం. 2023 మార్చి మొదట్లో సౌత్ కరోలైనా నుంచి నలుగురు అమెరికన్లు టెక్సాస్ సరిహద్దు దాటి మాటమోరోస్ అనే ఊరికి వెళ్లారు. అందులో ఒకామెకి అక్కడ టమ్మీ టక్ అపాయింట్‌మెంట్ ఉంది. క్లినిక్‌కి చేరకముందే డ్రగ్స్ ముఠా వాళ్లు కాల్పులు జరిపి నలుగురినీ ఎత్తుకెళ్లారు. ఇద్దరు చనిపోయారు. రోజుల తరబడి టీవీల్లో అదే వార్త, దాంతోపాటే ఆమె టమ్మీ టక్ గురించి చర్చ. ఆ ఇద్దరి ప్రాణాలు తీసింది తుపాకులు, ఆపరేషన్ కాదు. అయినా చూసేవాళ్ల మనసులో మాత్రం "పొట్ట తగ్గించుకోవడానికి వెళ్తే ఇలాగే అవుతుంది" అన్న ముద్ర పడిపోయింది.

అదే మాటమోరోస్‌లో, అదే ఏడాది, ఆపరేషన్ బల్ల మీదే మొదలైన ఇంకో విషాదం ఉంది. మీ వారు మీకు పంపాల్సింది ఆ వార్త. అక్కడ రెండు క్లినిక్‌లలో లైపోసక్షన్ లాంటి సర్జరీలకి వెన్నులో ఎపిడ్యూరల్ మత్తు ఇచ్చారు. ఆ ఇంజెక్షన్‌తో పాటు ఫ్యుజేరియం అనే ఫంగస్ వెన్ను ద్రవంలోకి వెళ్లింది. మొదట తలనొప్పి. కొందరికి అది వారాల తర్వాత మొదలైంది. అది మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్. మే 13న ఆ క్లినిక్‌లు మూసేయించారు. అమెరికాకి తిరిగి వచ్చినవాళ్లలోనే పది మందికి పైగా చనిపోయారు. జబ్బు పడ్డవాళ్లలో ఎక్కువ మంది మీ టెక్సాస్ వాళ్లే. జనవరి 1 నుంచి మే 13 లోపు ఆ రెండు చోట్ల ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లందరూ, ఏ లక్షణమూ లేకపోయినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోవాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పాల్సి వచ్చింది.

ఇందులో తుపాకులు లేవు, పరుగెత్తే వీడియో లేదు. అందుకే కిడ్నాప్ వార్తకి వచ్చిన ప్రచారంలో కొంత కూడా దీనికి రాలేదు. కానీ మీలాంటి మనిషికి ఉపయోగపడే సంగతంతా ఇందులోనే ఉంది. మీ సిజేరియన్లకి వెన్నులో మత్తు ఇచ్చే ఉంటారు కదా, ఆ పద్ధతి మీకు తెలుసు. మాంటెరీ క్లినిక్ వాళ్లని అడగండి: మత్తు ఏది ఇస్తారు? ఇచ్చేది అనస్థీషియా డాక్టరేనా, ఆయన పేరేమిటి? ఒక మందు సీసా ఒక్క పేషెంటుకే వాడతారా, మిగిలింది ఇంకొకరికి ఎక్కిస్తారా? ఏవో నవ్వు బొమ్మలు పెట్టి "డోంట్ వర్రీ మేడమ్" అని వాట్సాప్‌లో జవాబిస్తే, ఆ క్లినిక్ పేరు అక్కడితో మర్చిపోండి.

మీ అమ్మగారు ఆర్తీ అగర్వాల్ పేరెత్తారు. మన తెలుగువాళ్లకి ఆ అమ్మాయి అంటే ఎంత ఇష్టమో! 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్లకే చనిపోయింది. కొద్ది వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందనీ, తర్వాత ఊపిరి అందక ఇబ్బంది పడిందనీ అప్పట్లో వార్తలొచ్చాయి. ఆమె పుట్టి పెరిగిన రాష్ట్రమే అది, ఏ పరాయి దేశానికో పోలేదు. ఆ వార్త చెప్పిన తీరు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. హీరోయిన్ రెండు కిలోలు పెరిగితే ఫొటోకి ఎర్ర గీత గీసి "ఎలా ఉండేది, ఎలా అయిపోయింది" అని వేసేవాళ్లే, ఆమె పోయాక "అందం మోజు ప్రాణం తీసింది" అని రాశారు. లావైతే తిట్టు, తగ్గించుకోబోతే తిట్టు. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి కొవ్వు తీయించుకునే సర్జరీ తర్వాత చనిపోయినప్పుడూ ఇదే వరస. ఆ పిల్ల తల్లిదండ్రులకి చెప్పకుండా వెళ్లిందని వార్తల్లో వచ్చింది. చెప్పలేకపోయిందంటే ఎందుకు చెప్పలేకపోయిందో మనందరం ఆలోచించాలి. ఎగతాళి చేస్తారని భయపడ్డ ఆడపిల్ల రహస్యంగా వెళ్తుంది. రహస్యంగా వెళ్లినవాళ్లకి పక్కన మనిషి ఉండరు, ఏదన్నా తేడా చేసినా ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. మీ కాంకూన్ ఆలోచన చదివి నాకు గుండె గుభేలుమన్నది అందుకే.

విదేశాలకి వెళ్లి కాస్మెటిక్ సర్జరీ చేయించుకునేవాళ్లని మీడియా రెండే రకాలుగా చూపిస్తుంది. ఒకటి, డబ్బు మదంతో, అందం యావతో వెళ్లినవాళ్లు. రెండు, చవకకి ఆశపడి మోసపోయిన అమాయకులు. బ్రిటన్‌లో లీడ్స్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో కొందరు సామాజిక శాస్త్రవేత్తలు థాయ్‌లాండ్, ట్యునీషియా, దక్షిణ కొరియా లాంటి చోట్లకి సర్జరీకి వెళ్లేవాళ్లని దగ్గరుండి గమనించారు. వాళ్లకి కనిపించింది మామూలు జీతాల మీద బతికే మామూలు మనుషులు. స్వదేశంలో ఖర్చు భరించలేక, తెలిసినవాళ్లని అడిగి, స్నేహితులని తోడు తీసుకుని వెళ్లినవాళ్లు. చాలామంది తృప్తిగానే తిరిగొచ్చారు. మీ ఆఫీసు అమ్మాయి కూడా అలాంటిదే. ఆమె అబద్ధం చెప్పడం లేదు, కాబట్టి ఆమెతో కూర్చుని వివరంగా మాట్లాడండి. గాయంలోంచి నీరు పోవడానికి పెట్టే డ్రెయిన్ గొట్టాలు ఎన్ని రోజులు ఉన్నాయి? ఎవరు శుభ్రం చేశారు? మొదటి వారం బాత్రూంకి ఎవరు తీసుకెళ్లారు? తిరిగొచ్చాక కుట్లు ఎవరు చూశారు? ఇవేవీ రీల్స్‌లో ఉండవు.

దేశం ఖరీదైనదైతే క్షేమం, పేదదైతే ప్రమాదం అన్న లెక్క కూడా వదిలేయండి. నైజీరియా అధ్యక్షుడి భార్య స్టెల్లా ఒబసాంజో 2005 అక్టోబర్‌లో లైపోసక్షన్ కోసం స్పెయిన్ వెళ్లి, తిరిగి ఇంటికి రాలేదు. దేశాధ్యక్షుడి భార్యకి డబ్బుకి కొదవా, పలుకుబడికి కొదవా? డాక్టర్ నిర్లక్ష్యం వల్లే చనిపోయిందని 2009లో అక్కడి కోర్టు శిక్ష వేసింది. అమెరికాలోనే ఫ్లోరిడాలో బీబీఎల్ మరణాలు ఎంతగా పెరిగాయంటే, ఒక సర్జన్ రోజుకి మూడుకి మించి చేయకూడదని 2022లో అక్కడి మెడికల్ బోర్డు అత్యవసర నిబంధన తేవాల్సి వచ్చింది. అలాగే మాంటెరీలో మంచి ఆస్పత్రులూ, చేయి తిరిగిన సర్జన్లూ ఉన్నారు. మాటమోరోస్ పేరు చెప్పి మెక్సికో డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

బీబీఎల్ అన్నాను కదా, ఆ మాట మీ ప్యాకేజీలోనూ ఉంది. దాన్ని వెంటనే కొట్టేయించండి. పొట్ట దగ్గరో తొడల దగ్గరో తీసిన కొవ్వుని పిరుదుల్లోకి ఎక్కించే సర్జరీ అది. సూది కాస్త లోతుగా దిగి కండరంలోకి వెళ్తే, అక్కడి పెద్ద సిరల్లో కొవ్వు చేరి, అటునుంచి గుండెకీ ఊపిరితిత్తులకీ వెళ్లి ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోవచ్చు. కాస్మెటిక్ సర్జరీల్లో దీనంత ప్రమాదకరమైనది లేదని ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలే హెచ్చరించాయి. 2018లో బ్రిటన్ సంఘమైతే కొన్నాళ్లు అసలు చేయొద్దని తన సభ్యులకి చెప్పింది. మీకు పొట్ట సమస్య. అడగని సర్జరీని డిస్కౌంట్ ఇచ్చి మరీ అంటగడుతున్నారంటే వాళ్లు మిమ్మల్ని ఎలా చూస్తున్నారో అర్థం చేసుకోండి.

పైగా ఒకే దఫాలో మూడు సర్జరీలంటే మత్తులో ఉండే గంటలు పెరుగుతాయి, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌కి కాస్మెటిక్ సర్జరీకి వెళ్లి 2009 నుంచి 2022 లోపు 93 మంది అమెరికన్లు చనిపోయారని సీడీసీ లెక్క తేల్చింది. వాళ్లలో కొందరి వివరాలు లోతుగా పరిశీలిస్తే, ఎక్కువ మరణాలకి కారణం ఊపిరితిత్తుల్లోకి చేరిన కొవ్వో, రక్తపు గడ్డో. చాలామందికి ఒకే రోజు రెండు మూడు సర్జరీలు కలిపి చేశారు. మీకు డిస్కౌంట్ ఇస్తామంటున్నదీ సరిగ్గా ఆ పద్ధతికే.

ఇన్‌స్టా సంగతి ఒక్క మాటలో చెప్తాను. క్లినిక్ పెట్టే "ముందు, తర్వాత" ఫొటోల్లో వాళ్లకి నచ్చినవే ఉంటాయి. ఫాలోయర్లు ఎక్కువున్న కొందరికి ఉచితంగానో సగం ధరకో సర్జరీ చేసి వీడియో చేయించుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. ఆ వీడియోల్లో ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా ఉండే మచ్చ కనిపించదు. వారం పది రోజులు వంగి నడవాల్సి వస్తుందని గానీ, ఆరు వారాలు పిల్లాణ్ణి ఎత్తుకోకూడదని గానీ ఎవరూ చెప్పరు. మీ మూడేళ్లవాడు "అమ్మా ఎత్తుకో" అని చేతులు చాస్తే ఆ ఆరు వారాలూ ఎవరు ఎత్తుకుంటారో ముందే చూసుకోవాలి.

ఇక మీరు చేయాల్సింది. ముందు మీ గైనకాలజిస్ట్‌కో ఫ్యామిలీ డాక్టర్‌కో చూపించుకుని కండరాల మధ్య సందు ఎంతుందో, బొడ్డు దగ్గర హెర్నియా ఏమన్నా ఉందో తేల్చుకోండి. సందు తక్కువైతే ఫిజియోథెరపీతో చాలా తేడా వస్తుంది. దానికి మీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందేమో అడగండి. హెర్నియా ఉంటే దాని రిపేర్ ఖర్చు కాస్మెటిక్ లెక్కలోకి రాకపోవచ్చు, అప్పుడు 14 వేల లెక్క మారుతుంది. ఇంకా పిల్లలు కావాలన్న ఆలోచన ఉంటే టమ్మీ టక్ అప్పుడే వద్దు, మళ్లీ కడుపొస్తే చేసిందంతా సాగిపోతుంది. డాలస్ చుట్టుపక్కలే ఇంకో ఇద్దరు సర్జన్లని కలవండి, ధరల్లో చాలా తేడాలుంటాయి. "కాస్మెటిక్ సర్జన్" అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ ప్లాస్టిక్ సర్జరీ చదివినవాళ్లు కారు. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి.

అన్నీ చూశాక కూడా మెక్సికోయే అనుకుంటే, బేరం వాట్సాప్ కోఆర్డినేటర్‌తో కాకుండా సర్జన్‌తోనే వీడియోలో మాట్లాడండి. అక్కడ ప్లాస్టిక్ సర్జన్లకి సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ మండలి ఉంది, అందులో ఆయన పేరుండాలి. ఎస్తేటిక్ సర్జరీలో మాస్టర్స్ డిగ్రీ అని గోడకి తగిలించినది ప్లాస్టిక్ సర్జరీ స్పెషాలిటీతో సమానం కాదు. సర్జరీ జరిగే చోట ఐసీయూ ఉండాలి. సీడీసీ సలహా ప్రకారం పొట్ట ఆపరేషన్ తర్వాత కనీసం పది రోజులు విమానం ఎక్కకూడదు. మీ ప్యాకేజీలో హోటల్ ఎన్ని రాత్రులు? పదికి తక్కువైతే మిగతా రోజుల ఖర్చు, తోడొచ్చే మనిషి ఖర్చు కలిపి చూడండి. తిరిగొచ్చాక కుట్లకి చీము పడితే ఇక్కడి డాక్టర్ ఫీజు కూడా ఆ లెక్కలోకే. అప్పుడు 5,500 ఎంతవుతుందో కాగితం మీద రాసుకోండి.

ఇంకొకటి, వీసా. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద మెక్సికో వెళ్లాలంటే అమెరికా వీసా గడువు ఉండాలి, లేదా గ్రీన్ కార్డ్ ఉండాలి, లేదా మెక్సికో వీసా తీసుకోవాలి. మీ స్టాంపింగ్ గడువు అయిపోయింది కాబట్టి కాంకూన్ ట్రిప్ అనుకున్నంత తేలిక కాదు. మెక్సికో వీసా దొరికినా, గడువు తీరిన స్టాంప్‌తో అమెరికాలోకి తిరిగి రానిచ్చే వెసులుబాటు 30 రోజుల లోపు ప్రయాణాలకే. ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో 30 రోజులు దాటితే మీరు అక్కడ, పిల్లలు ఇక్కడ. టికెట్ కొనేముందు ఇమ్మిగ్రేషన్ అటార్నీతో ఒకసారి మాట్లాడాల్సిందే.

నా మనసులో మాట చెప్పనా? డబ్బే సమస్య అయితే, మెక్సికో కన్నా విజయవాడో హైదరాబాదో ఆలోచించండి. అమ్మగారు ఉన్నారు. ఎం.సీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ చేసిన ప్లాస్టిక్ సర్జన్లు ఉన్నారు. మీ నొప్పి మీ భాషలో చెప్పుకోవచ్చు, సంతకం పెట్టే కాగితం చదివించుకోవచ్చు. అయితే మన దగ్గరా జాగ్రత్త అవసరమే. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ నేర్చుకోవడం కుదరదని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి. ఇరవై గంటలు దాటిన ప్రయాణం కాబట్టి రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి డాక్టర్‌ని అడగండి, సర్జరీ అయ్యాక నాలుగైదు వారాలు ఉండగలిగితేనే వెళ్లండి. స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ కూడా అప్పుడే చూసుకోవాలి, అది ఆలస్యమైతే ఉద్యోగం సంగతేమిటో ముందే మాట్లాడుకోండి.

మీ వారితో ఈ వారాంతమే కూర్చోండి. "వెళ్లనా వద్దా" అని అనుమతి అడగకండి. డాక్టర్ ఏం చెప్పారో, ఎంత ఖర్చో, ఆరు వారాలు ఇల్లెలా నడవాలో ముందు పెట్టి మాట్లాడండి. ఆయన భయం మీ మీద ప్రేమతోనే. కాకపోతే భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, అవి చూపించండి.

సర్జరీ ఎక్కడ చేయించుకున్నా, తర్వాత ఒక కాలు మాత్రమే వాచినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి పుట్టినా వెంటనే 911కి (ఇండియాలో ఉంటే 108కి) ఫోన్ చేయండి. కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం, ఎన్ని మాత్రలు వేసినా తగ్గని తలనొప్పి, మెడ బిగుసుకోవడం ఉంటే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. ఏ దేశంలో, ఏ క్లినిక్‌లో, ఏ తేదీన, ఏ మత్తు ఇచ్చి చేశారో దాచకుండా చెప్పండి. ఆ కాగితాల ఫొటోలు మీ ఫోన్‌లోనూ, మీ వారి ఫోన్‌లోనూ ఉండాలి.